ప్రాతపూసల వెదకులాట

బంగారము కొనబోవువారి దారి సుగమము. వన్నె చూపువాడును, తూచువాడును, వెల చెప్పువాడును ఒక్క అంగడియందే యుందురు. పూసలు వెదకువారికి అట్టి సుఖము లేదు. రంగు కుదిరినచో పరిమాణము కుదరదు. పరిమాణము కుదిరినచో బెజ్జము కుదరదు. మూడును కుదిరినచో వయస్సు కుదరదు. ప్రాతపూసల నడుమ నిలిచిన క్రొత్తపూస, ముత్తవ్వల పంక్తిలో కూర్చుండిన పసిపిల్లవలె, దూరమునుండియే తెలిసిపోవును. ప్రాతదియే కావలెనని పట్టుబట్టినచో అది నిజముగా నల్లపూసయే యగును. హైదరాబాదు వంటి మహానగరమున ఇట్టి వెదకులాట యొకటి నిరుడు నాకు తటస్థించినది. అందు నేర్చుకొన్న సంగతులు సోదరీమణులకు ఉపయోగపడునని తలంచి వ్రాయుచున్నాను.

మా అమ్మమ్మది రెండుపేటల పగడాల దండ యొకటి కలదు. అందు 96 పూసలు. నడుమ బంగారు కొలికిపూస. ఆమె గతించిన పిమ్మట అది మా అమ్మకును, అమ్మనుండి బెజవాడలో నున్న మా అక్కకును వచ్చినది. నిరుడు మాఘమాసమున అక్క దానిని కడుగుటకై పెరటిలోని పంపుకడకు తీసికొనిపోగా, ప్రాతదారము తెగి పూసలన్నియు చెదరినవి. ఎంత వెదకినను 87 మాత్రమే చేతికి వచ్చినవి. తొమ్మిది జలదారిలో పోయినవి. జ్యేష్ఠమాసమున అక్క కుమార్తె వివాహము. ఎనుబదిమీఱిన మా అమ్మకు ఆ దండను మనుమరాలి మెడలో చూడవలెనని కోరిక. నేను హైదరాబాదు కాపురస్తురాలను గనుక ఆ తొమ్మిది పగడములను వెదకుపని నామీద పడినది.

మొదట పత్థర్‌గట్టికి పోతిని. 1908వ సంవత్సరపు మూసీ వఱదలలో నగరము పాడయిన పిమ్మట, 1912లో నేర్పడిన నగరాభివృద్ధి మండలివారి కాలమున ఈ వీథి రాతికమానులతో తీర్చబడినది. ఆ కమానుల క్రింద ముత్యముల అంగళ్లు వరుసగా నుండును. సముద్రమునకు ఇంతదూరమున నున్న యూరికి ముత్యాలనగరమని పేరు వచ్చుట వింతగా తోచును గాని, దానికి కారణము లేకపోలేదు. నిజాము ప్రభువుల కాలమున పారసీక సింధుశాఖలోని ముత్యములు బస్రా ముత్యములను పేర ఇచ్చటికి వచ్చెడివి. కొనువారుండుటచే బెజ్జము వేయువారును, జల్లించి తరగతులుగా విడదీయువారును, దండలు గ్రుచ్చువారును ఇచ్చటనే స్థిరపడిరి. 1995లో భారత ప్రభుత్వమువారు 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాము నగలు 173లో ఏడుపేటల బస్రా ముత్యాలహార మొకటి కలదు. జపాను దేశమున మికిమోటో 1893లో ముత్యమును పెంచి చూపిన పిమ్మట, క్రమముగా పెంపకపు ముత్యములు లోకమును నింపినవి. నేటి అంగళ్లలోని సరకులో హెచ్చుభాగము చీనాదేశపు మంచినీటి కొలనులలో పెంచినదే. ముత్యము దేశము మాఱినది గాని గ్రుచ్చువాని చేతిపని ఇచ్చటనే నిలిచినది.

ఆ వీథిలోని యొక వర్తకుడు నా పూసలను తెల్లగుడ్డపై పఱచి, తన పగడములను ప్రక్కన పెట్టి చూపెను. అవి నిగనిగలాడు క్రొత్త యెఱుపు. మావి మాగిన పండుమిరపవంటి ముదురు రంగు. "మెడమీద ఎన్నో యేండ్లు నలిగిన రంగు ఇది. అమ్మకమునకు రాదమ్మా!" అని యాయన నిజము చెప్పెను. ఆయన వలననే మఱికొంత తెలిసికొంటిని. మంచి పగడము మన సముద్రముది కాదు, మధ్యధరా సముద్రముది. ఇటలీలో నేపుల్సు చెంతనున్న టోర్రే దెల్ గ్రేకో అను పట్టణము పగడపుపనికి పేరుపడినది. నేడు చవుకగా దొరకు "పగడము" లలో చాలభాగము వెదురు పగడమను వేఱుజాతికి ఎఱ్ఱరంగు పట్టించినది. గోళ్లరంగు తుడుచు ద్రావకములో దూది ముంచి పూసమీద మెల్లగా రుద్దినచో దూదికి ఎఱుపు అంటును. ప్లాస్టికు పూస చేతికి తేలికగాను, తాకిన వెంటనే వెచ్చగాను ఉండును. పగడమును గాజును మొదట చల్లగా నుండును. నిమ్మరసపు చుక్క వేసినచో నిజమైన పగడము పొంగునని కొందఱు పరీక్షింతురు. ఆ మాట సత్యమే కాని, ఆ చుక్క తగిలిన చోట మెఱుగు చచ్చును. ఇంటినగపై అట్టి పరీక్ష చేయరాదు.

అచ్చటినుండి చార్మినారు మీదుగా లాడ్‌బజారునకు పోతిని. చార్మినారు 1591లో కట్టినది. దానికి పడమట నున్న ఈ వీథి గాజులకు పుట్టినిల్లు. లక్కను నిప్పులపై మెత్తపఱచి, చుట్టి, వేడి చల్లాఱకమున్నే చిన్నచిన్న రాళ్లు పొదిగెడి ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. నగలు చేసికొను ముచ్చట గలవారికి ఈ ప్రాంతము అక్షయపాత్రయే. అద్దపుబిళ్లలు, రంగురాళ్లు, జరీదారము, పట్టుకుచ్చులు, కొక్కెములు, సన్నని తీగచుట్టలు, అన్నియు చిన్నచిన్న పొట్లములలో దొరకును. నాకు కావలసిన దారమును, దానికి పూయు మైనమును అచ్చటనే కొంటిని. పగడము మాత్రము కానరాలేదు.

మూడవ తడవ మహబూబ్ చౌకు గడియారపు గోపురము చెంత ప్రాతసామానులమ్మువారిని విచారించితిని. ఒక యిఱుకైన కొట్టులో, తాళములు, గడియారములు, ఇత్తడి గిన్నెల నడుమ నొక పెట్టెలో నేను వెదకునదే కనబడినది. ఒంటిపేట పగడాల దండ. అదే ముదురురంగు, ఇంచుమించు అదే పరిమాణము. దారము ప్రాతది, ప్రతి రెండు పూసలకును నడుమ చిన్నముడి. ఒక చివర నల్లపూసలు రెండు, దిష్టికి కాబోలు, కట్టియుండెను. ఎవ్వరి బిడ్డ మెడలోనిదో!

దండ మొత్తము వెల నాకు మీఱిన మాట. ఆ సంగతి కనిపెట్టి కొట్టువాడు కత్తెర తీసి, "తొమ్మిదియే కావలెనా? కోసి యిచ్చెదను. మిగిలినవి వేఱువారు కొందురు," అనెను. ఆ వెల నేను ఇచ్చుకొనగలదే. దినములు సమీపించుచున్నవి. అయినను చేయి చాపలేకపోతిని. మఱునాడు వచ్చెదనని చెప్పి బయటికి వచ్చితిని.

ప్రాతపూస లనునవి చెట్టున కాయవు. అంగడిలోనికి వచ్చిన ప్రతి ప్రాతపూసయు ఒక యింటినుండి వెడలినదే. కొందఱు మోజు తీఱి అమ్ముదురు. కొందఱు తమవారు పోయినందున అమ్ముదురు. పెక్కుమంది అవసరమునకు అమ్ముదురు. మన దండ నిండుటకు మఱియొకరి దండ తెగవలసినదే యనుట ఆ కత్తెరను చూచిన గాని నాకు తట్టలేదు.

ఆ గురువారము జుమేరాత్ బజారునకు పోతిని. జుమేరాత్ అనగా గురువారమే. 1578 నాటి పురానాపూల్ వంతెన చెంత మూసీ యొడ్డున ఆ దినమున ప్రాతవస్తువుల సంత కూడును. విఱిగిన కుర్చీలు, ఇనుపముక్కలు, ప్రాతబట్టల నడుమ గోనెపట్టాలపై పూసలు గుట్టలుగా పోసియుండును. అందు పగడమును వెదకుట దండుగ యని మొదటి చూపులోనే తెలిసినది గాని, గాజుపూసల విషయమున అంత మంచి పాఠశాల వేఱొకటి లేదు.

గాజుపూసలను ముఖ్యముగా రెండు విధముల చేయుదురు. కరగిన గాజును కడ్డీకి చుట్టి ఒక్కొక్కటిగా చేయుట యొకటి. గాజుముద్దను బోలుగొట్టముగా సాగదీసి ముక్కలుగా కోయుట రెండవది. చుట్టిన పూసలో గీతలును బుడగలును బెజ్జము చుట్టును తిరుగును. సాగదీసిన పూసలో బెజ్జము వెంబడి నిలువుగా పోవును. ఈ రెండవ విద్య దక్షిణదేశమున రెండువేల యేండ్ల నాటిది. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో దాని యానవాళ్లు దొరకినవి. అట్టి పూసలు ఓడలలో తూర్పుద్వీపములకును ఆఫ్రికా తీరమునకును పోయినవి. పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికా పండితుడు వానికి ఇండో పసిఫిక్ పూసలని పేరు పెట్టెను. ఆ విద్య ఇరువదవ శతాబ్దపు చివఱి భాగమువఱకు చెక్కుచెదరక నిలిచిన చోటుగా పరిశోధకులు చూచి వ్రాసినది మన తెలుగు పల్లెయే. అది తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేట. లడ యను పొడవైన ఇనుపగొట్టము కొనకు గాజుముద్దను పట్టించి, కొలిమిలో నుంచి, దాని కొనను కొక్కెముతో లాగి బారులు బారులుగా సన్నని గాజుగొట్టము తీయుదురు. ముక్కలను బూడిదతో కలిపి కాచి అంచులు నునుపు చేయుదురు. మన పల్లెలలో పూసలవారి స్త్రీలు గంపల నెత్తుకొని సూదులతోను దువ్వెనలతోను పాటు అమ్ముచు వచ్చిన పూసల వెనుక ఇంత కథ యున్నదని ఎవ్వరికి తెలియును?

పగడములు దొరకకపోయినను ఉన్నవానిని గ్రుచ్చుట కెంత కాలము పట్టునో కనుగొనవలెనని, పత్థర్‌గట్టి వెనుక సందులో నున్న యొక పట్వాపనివాని కడకు పోతిని. ఆభరణములను పట్టుదారముతోను జరీతోను అల్లి కట్టువారిని ఈ నగరమున పట్వాలందురు. ఆయన డెబ్బదియేండ్ల వృద్ధుడు. నా సంచిలోని పూసలను పళ్లెములో పోసికొని, భూతద్దము కంటికి చేర్చి, ఒక్కొక్కదానినే చూచుచు రెండు కుప్పలుగా పెట్టసాగెను. పరిమాణమునుబట్టి విడదీయుచున్నాడని నేననుకొంటిని. కడకు తల యెత్తి, "అమ్మా, ఇవి అఱువదినాలుగు పగడములు. ఇవి యిరువదిమూడు గాజు," అని నెమ్మదిగా చెప్పెను.

నాకు మాట రాలేదు. ఆయన భూతద్దము నా చేతికిచ్చెను. పగడమునందు వెండ్రుకవంటి గీతలు నిలువుగా నున్నవి. గాజుపూసలో సూదిమొనయంత బుడగలు కనబడినవి. బెజ్జపు టంచున పెచ్చులూడిన చోట గవ్వవలె వంపు తేలి మెఱయుచుండెను. రంగు ఎంత జాగ్రత్తగా ఎంచిరో, విడిగా చూచినను గుఱుతింపరాదు. "ఇవన్నియు ఒక్కసారి మార్చినవి కావు," అని ఆయన మఱల చెప్పెను. "ఇందు అయిదాఱు విధముల గాజు కలదు. ఏదో రెండు మూడు, మఱియొకప్పుడు నాలుగయిదు. తెలిసినవారే, మనసు పెట్టి చేయించిరి."

అక్కకు ఫోనులో తెలిపితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఇరువదిమూడును తీసివేయింతము. ముప్పదిరెండు పగడములకును నేనే డబ్బిత్తును. పెండ్లిలో నలుగురును చూతురు. మగపెండ్లివారిలో ఒక్కరు కనిపెట్టినను పిల్లకు మాట వచ్చును. అమ్మకు మాత్రము చెప్పకు," అనెను. ఆమె భయము ఊరక పుట్టినది కాదు. పెండ్లిండ్లలో నగలను చూచు కన్నులు ఎట్టివో మనమందఱమును ఎఱిగినదే. కాని అమ్మ వస్తువును అమ్మకు తెలియకుండ మార్చుటకు నాకు మనసొప్పలేదు. రెండు కుప్పలను రెండు పొట్లములుగా కట్టుకొని బెజవాడ పోతిని.

అమ్మ ఆ గాజుపూసలను అఱచేతిలో పోసికొని కిటికీ కడకు పోయి చూచెను. కోపము వచ్చునో, దుఃఖము వచ్చునో యని మే మిద్దఱమును ఆమె మొగమునే చూచుచుంటిమి. ఆమె చెప్పిన దిది: "మా అన్నయ్య 1953 మొదలు 1959 వఱకు గుంటూరులోను వాల్తేరులోను చదివెను. ఏటేట మృగశిర కార్తె ప్రవేశించిన నాలుగయిదు దినములకు మా అమ్మ దండకు దారము మార్పింపవలెనని తెనాలి పోయెడిది. నన్ను వెంటబెట్టుకొని పోయి కంసాలి యింటి యరుగుమీద కూర్చుండబెట్టి తాను లోపలికి పోయెడిది. తిరిగి వచ్చునపుడు నాకు రిబ్బను కొనెడిది. పట్టుదారము ఏటేట మార్పించువారుందురా యని నే నెన్నడును అనుకోలేదు."

ఆషాఢము రాకమునుపే కళాశాలలు తెఱతురు. పుస్తకములకును, పరీక్ష రుసుములకును సొమ్ము కావలెను. పంట చేతికి వచ్చుట సంక్రాంతికి గదా! ఆ మామయ్య పిమ్మట ఉపాధ్యాయుడై ఇద్దఱు చెల్లెండ్ర వివాహములు చేసెను. అందొకతె మా అమ్మ. అమ్మమ్మ ఆ పూసలను ఆయన చదువునకే అమ్మినదనుటకు మా కడ కాగితము లేదు, సాక్షి లేడు. ఏటేట మార్చిన ఆ దారము మాత్రమే కలదు. తన మెడలోని దండ ఒక్క యేడైనను బోసిగా కనబడకుండునట్లు ఆమె చూచుకొన్నది. ఇంటిలో మగవారి తల వంగకుండ చూచుకొన్నది.

"గాజువి తీయవద్దు," అని అమ్మ అనెను. "పోయిన తొమ్మిదింటి స్థానమున కూడ గాజువియే పెట్టింపుడు. మా అమ్మ యున్నచో అట్లే చేయించును." అక్క మాఱుమాటాడలేదు. లోపలికి పోయి పళ్లెము తెచ్చి, పూసలను తానే మఱల లెక్కపెట్టినది.

హైదరాబాదునకు తిరిగివచ్చి మహబూబ్ చౌకు కొట్టువానికి దండ అక్కఱలేదని చెప్పితిని. అదృష్టవశమున అది అప్పటికింకను తెగలేదు. తరువాతి గురువారము జుమేరాత్ బజారులో గోనెపట్టా ముందర రెండుగంటలు కూర్చుంటిని. బెజ్జపు టంచులు దారపు రాపిడికి నునుపుదేఱినవి, పైమెఱుగు కొంచెము మాసినవి ఏరితిని. అవి వాడిన పూసల లక్షణములు. ఎఱ్ఱగాజువి పదునొకండు దొరకినవి. వానిలో తొమ్మిదింటిని పట్వా వృద్ధుడు మెచ్చి తీసికొనెను. రెండింటిని తన డబ్బాలో వేసికొని, ఆ మేరకు కూలి తగ్గించెను.

ఆయన గ్రుచ్చిన విధము మన ఇండ్లలోను అనుసరింపదగినది. మైనము పూసిన పట్టుదారమును రెండుపోగులుగా తీసి, పూసకును పూసకును నడుమ ఒక ముడి వేసెను. ముడులవలన పూసలు ఒండొంటితో రాచుకొని అఱగవు. ఎప్పుడైన దారము తెగినను జాఱునది ఒక్కపూసయే గాని దండ యంతయు చెదరిపోదు. ముత్యములకును పగడములకును చెమట, అత్తరులు, సబ్బునీరు పడవు. తీసిన వెంటనే మెత్తని పొడిగుడ్డతో తుడిచి వేఱుగా ఉంచవలెను. రాళ్లనగలతో కలిపి వేసినచో గీతలు పడును. దండను తలక్రిందుగా వ్రేలాడదీయక పఱచి యుంచినచో దారము సాగదు. గ్రుచ్చుటకు ఇచ్చునపుడు పూసలను వారియెదుటనే లెక్కించి, ఆ లెక్కను కాగితముపై వ్రాయించుకొనవలెను. తిరిగి తీసికొనునపుడును అట్లే చేయవలెను.

సోదరీమణులారా! మీ పెట్టెలలోని ప్రాతదండలను అంగడికి పంపకమునుపు, అందు పనికిమాలినవని తోచిన పూసలను తీసివేయకమునుపు, ఇంటిలోని పెద్దవారి నొకసారి అడుగుడు. ఏ పూస యెప్పుడు మార్చిరో, ఏల మార్చిరో చెప్పగలవారు నేడో రేపో అన్నట్లున్నారు. స్త్రీలు తమ జమాఖర్చులను పుస్తకములలో వ్రాయని కాలమున ఇట్టి నగలలోనే వ్రాసికొనిరి.

వివాహము జ్యేష్ఠమున జరిగినది. దండను చూచినవారిలో ఒకరిద్దఱు ముట్టి చూచిరి, మెచ్చుకొనిరి, మఱేమియు ననలేదు. మా అక్క కూతురికి సంగతి యంతయు తెలియును. పెట్టెలో దండ క్రింద అమ్మ చేతివ్రాతతో నొక కాగితము మడిచి యుంచితిమి. అందిట్లున్నది: పగడములు 64. గాజుపూసలు 32. మొత్తము 96.